అమ్మ కారు డిక్కీ

థండర్ బేలో చలికాలం. అమ్మ కారు డిక్కీ నిండా
పిల్లల బూట్లు, అన్ని సైజులూ.
మా ఇంట్లోవి మాత్రం మాయమయ్యేవి.

నా ఎర్ర జత పోయిన రోజు
రెండు పూటలు మాట్లాడలేదు నేను.
"నీ పాదం పెరిగిందిలే" అంది ఐలీ కోర్పెలా,
కేసు ఫైళ్ళ పక్కన కునికిపాట్లు పడుతూ,
నా జడ మాత్రం వదలకుండా అల్లుతూ.

రిటైరయ్యాక కూడా ఫోన్ మోగితే
సూప్ గరిటెతోనే పరిగెత్తేది.

నిన్న చర్చి మెట్ల మీద
సగం నెరిసిన జుట్టులో మంచు దులుపుకుంటూ ఒకామె:
"సిర్కా మీరేనా?
ఆ రాత్రి నన్ను మా ఇంట్లోంచి తీసుకెళ్తూ
మీ అమ్మ తొడిగిన బూట్లలో
ఆ పేరుంది.
నేను చదివిన మొదటి మాట అదే."

ఇంటికొచ్చి డిక్కీ తీశాను.
ఇంకా మూడు జతలున్నాయి.