ఊపిరి బిగపట్టకండి

వారానికి ఆరు రోజులు
రాయపురంలో, మెట్ల కింది ఎక్స్‌రే గదిలో
నేననే మాట ఒక్కటే:
ఊపిరి బిగపట్టండి.
ఆ... కదలకండి.
అయిపోయింది, వదలండి.

ఆదివారం తెల్లారకముందే
కోవళం ఒడ్డున దేసింగు పడవెక్కితే
అక్కడ ఆ మాటే తప్పు.
నీళ్లకింద ఊపిరి బిగపట్టకూడదు.
బిగపట్టి పైకి లేస్తే ఏమవుతుందో
నాకెవరూ చెప్పనక్కర్లేదు,
చిట్లిన ఊపిరితిత్తుల బొమ్మలు
దీపప్పెట్టె మీద ఎన్ని చూళ్లేదు!

మద్రాసు సముద్రం బియ్యం కడిగిన నీళ్లు.
చాపిన చేతికి వేళ్లు కనపడితే అది మంచిరోజు.
ఈ ఫిబ్రవరిలో గాలి మళ్లిన వారం
ఏకంగా నాలుగు బారల దూరం కనిపించింది.
"అద్దం మేడమ్, అద్దం" అన్నాడు దేసింగు
తన చెన్నపట్నం తెలుగులో,
ఆ అద్దాన్ని తనే తుడిచిపెట్టినట్టు.

పదహారు మీటర్ల లోతున ఎరుపు ఉండదు.
గోళ్లరంగు నల్లబడుతుంది.
రాయి గీసుకున్న వేలినుంచి నెత్తురు
అప్పుడే రుబ్బిన గోరింటాకులా
పచ్చగా పొగలాడింది.
ఫ్లాష్ వెలిగితేనే
బూడిదరంగు చేప ఒక్క క్షణం
తనెవరో చెప్పి, మళ్లీ దాచేసుకుంటుంది.

వీటి తెలుగు పేర్లు నాకు తెలియవు.
మా అమ్మకు తెలిసినవన్నీ కూరకొచ్చేవే,
వంజరం, చందువ, బాలింతకు పాలసొర.
కూరకు రానిదానికి పేరెవడు పెడతాడు?
దేసింగుకీ అంతే, వలలో పడితే విదిలించేసేవి.
అందుకని నేనే పెట్టుకున్నాను.
పసుపు ఒంటి మీద, కంటికి అడ్డంగా నల్లచార ఉన్నది కాటుక చెదిరినమ్మ.
రాళ్లు కొరికి ఇసుక విసర్జించేది తిరగలి మామ.
పెద్దచేపల నోళ్లలో దూరి పళ్లసందులు ఏరుకు తినే
వేలెడు నీలిచార దాని పేరు
పందుంపుల్ల.

ఆ పందుంపుల్ల కొట్టు దగ్గరికే ఆ రోజు
బిందెంత తలతో బొంత ఒకటి వచ్చింది.
(బొంతకు పేరుంది. పులుసుకు బాగుంటుందట.)
వచ్చి, నోరు తెరిచి, మొప్పలు విప్పి
నిలబడిపోయింది.
గడ్డం ఎక్కడ ఆనించాలో ఎవరూ చెప్పకుండానే,
కదలొద్దని ఎవరూ అనకుండానే.

నేను ఊపిరి వదిలినప్పుడల్లా
బుడగల చప్పుడికి దాని రెప్పల్లేని కన్ను
నావైపు తిరుగుతోంది.
అది పోతే మళ్లీ రాదు.
అప్పుడు, తెలిసే,
బిగపట్టాను.

నిండిన రొమ్ము ఊరుకుంటుందా?
ఒళ్లు తేలికై జానెడు పైకి లేచింది.
నొక్కాను. గురి తప్పింది.
కన్ను లేదు, తల లేదు,
కింది దవడ సగం,
దాని చుట్టూ మసగ్గా నీలిచార.

పడవలో, తువ్వాలు కింద, తెరను పెద్దది చేశాను.
అలవాటైన పనే,
పిల్లలు మింగిన నాణేలూ పిన్నీసులూ
ఇలాగే వెతుకుతాను.
దవడ లోపల, మాంసం పెరిగి కప్పేసిన చోట
తుప్పుపట్టిన గాలం.
పందుంపుల్ల ఆ చుట్టూనే తిరుగుతోంది.

దేసింగు వంగి చూశాడు.
"ఎనిమిదో నంబరు" అన్నాడు.
ఎవరిదని నేను అడగలేదు.
ఉప్పు అంటిన బొటనవేలితో తెరను ఓసారి రాసి
ఇంజను తాడు లాగాడు.

సోమవారం మొదటి చీటీ
కాశిమేడులో వలలు అల్లే ముసలాయనది.
మూడువారాల దగ్గు.
చల్లటి పలకకు ఛాతీ ఆనించి, గడ్డం ఎత్తి,
నోరు కాస్త తెరిచి
నిలబడ్డాడు.

గాజుకు ఇవతల, మీట మీద వేలుంచి
అనాల్సిన మాట అనకుండా
నేను చూస్తూనే ఉన్నాను.

"ఏం చెయ్యాలమ్మా?" అన్నాడు,
కదలకుండానే.