ఏడో మెట్టు

కళింగపట్నంలో బస్సు దిగేసరికే
టేపు పెట్టెలో ఇసుక చేరింది.
గేటు పక్కన నీలం బోర్డు:
రక్షిత కట్టడం. గోడలు చెక్కినా, గీసినా
జరిమానా, జైలు.
ఉప్పుగాలికి చదువు రాదు,
రోజుకో అక్షరం తినేసి పోతోంది.

నేను కొలతల మనిషిని.
గోడ మందం, గుమ్మం ఎత్తు,
వాసానికీ వాసానికీ మధ్య ఎడం.
నా ఫారంలో అంకెలకే గళ్ళు.
"బేగి రండమ్మా, మద్దేనమైతే మేడ మీద నిలబడలేం"
అని కావలి గేదెల అప్పలసూరి
తాళం తియ్యకుండానే తలుపు తీశాడు.

ముందు కప్పు.
నేలకేసి ఇంతగా వంగిన కప్పుని నేనెక్కడా చూళ్ళేదు.
గిడుగు కింద నాట్లేసే మనిషిలా
ఇల్లు నడుం వంచి ఉంది.
గూన పెంకులు సారె మీద తిప్పి కోసినవి,
ఒకదానికొకటి పోలిక లేదు.
సగటు రాశాను.

కట్టించిన దొర ఉప్పు కొటార్ల ఆఫీసరట.
యంత్రం మేకు ఒక్కటి కనపడినా
పని మొత్తం విప్పించేవాడట.
అతుకు దాచొద్దు, చీల తల చెరపొద్దు,
చేసిన చెయ్యి కనపడాలి అనేవాడట.
చెయ్యి కనపడాలన్నాడు గానీ
చేతి పేరు ఏ కాయితంలోనూ ఎక్కించలేదు.
దూలం మీద సంవత్సరం ఉంది,
దొర పేరు ఉంది.

అప్పలసూరికి తెలుసు.
"సూరాచారి. కలివరపోళ్ళు.
మా తాత ఆయన కాడ రంపం లాగినాడు."

హాల్లో, నవ్వకండి, చలిమంట గూడు.
మాఘంలో కూడా చెమట పట్టే ఊళ్ళో
పొగగొట్టంతో సహా.
దాని నెత్తిన బుడితి కంచరులు కొట్టిన ఇత్తడి తొడుగు,
సుత్తి దెబ్బలు ఇంకా లెక్కపెట్టొచ్చు.
ఒక్కనాడూ నిప్పెరగదు.
ఇప్పుడందులో సైకిలు పంపు,
ఎండు నెత్తళ్ళ బుట్ట.
"ప్రస్తుత వినియోగం" అన్న గడి దగ్గర
నా పెన్ను కాసేపు ఆగింది.

గూడు పక్క చెక్క పలకల కోసం
దొర తన దేశపు చెట్టు కాయ ఒకటి గీసిచ్చాడట,
నెత్తిన టోపీ ఉన్న కాయ.
సూరాచారి బొమ్మ తిరగేసి చూశాడో, తెలిసే చేశాడో,
పలకల నిండా జీడిపళ్ళు,
కింద వేలాడే పిక్కలు,
తాకితే వేళ్ళు బొబ్బలెక్కుతాయేమో అన్నంత నిజం.

తరవాత మెట్లు.
పదమూడు. అన్నీ ఆరున్నర అంగుళాలు.
ఏడోది ఏడు.
మూడుసార్లు కొలిచాను. మూడోసారి
కొలిచిన మెట్టే కాలికి తగిలి బోర్లా పడ్డాను.

అప్పలసూరి నవ్వలేదు.
"అందరూ పడినోళ్ళే. దొర పడ్డాడు, దొరసాని పడింది,
తాలూకా ఆఫీసు పెట్టినప్పుడు
ఫైళ్ళతో సహా గుమస్తాలు పడ్డారు.
మొన్న మంత్రిగారు..."
ఆగి, "ఆ ముక్క రాయకండి" అన్నాడు.

ఎందుకలా అంటే రెండు కతలు.
దొర కూలిలో అణా కోసేశాడని ఒకటి.
ఆ వేళ సూరాచారి కూతురికి అమ్మోరు పోసిందని,
చెయ్యి తొణికిందని ఒకటి.
చెప్పేవాడికే ఏది నమ్మాలో తెలీదు.

"సరిచేయవలసిన లోపాలు."
"పరిరక్షించవలసిన విశేషాలు."
పక్కపక్కనే రెండు గళ్ళు.
ఆ మెట్టు మీదే కూచుని
అరగంట ఆలోచించాను.
అరంగుళం, నా బొటనవేలి గోరంత.

చీకటి పడేవేళ కరెంటు పోయింది.
పైన మర్చిపోయిన టేపు కోసం
అప్పలసూరి దీపం లేకుండా ఎక్కాడు.
కింద నిలబడి చెవులతో లెక్కపెట్టాను.
ఆరు దాకా ఒకటే చప్పుడు.
ఏడు దగ్గర చిన్న ఖాళీ,
పాదం రవ్వంత ఎక్కువసేపు గాల్లో ఉన్నట్టు.
తరవాత ఎనిమిది.

బస్సులో ఫారం నింపాను.
మెట్టుని రెండో గడిలో వేశాను.
పేరుకి గడి లేదు, మార్జిన్‌లో రాశాను:
కలివరపు సూరాచారి, వడ్రంగి.
దాని కిందే, కావలి మనిషికి
నాలుగు నెలలుగా జీతం లేదని.

స్కానింగులో మార్జిన్లు పోతాయని
మా ఆఫీసులో అందరికీ తెలుసు.
అందుకే వెనక పేజీ మీద అచ్చు పడేలా
గట్టిగా నొక్కి రాశాను.