ఒక్క రింగు

పొద్దున్న ఆరూ పదికి
ఖాదర్‌వలీ నాకు ఒక్క రింగిచ్చి పెట్టేస్తాడు.
ఎత్తకూడదు, అది నియమం.
ఎత్తితే మాటలు, మాటలైతే మోకాళ్ల గొడవ.
ఊరికే మోగాలి, ఆగాలి.
ఉన్నాను, అంతే దానర్థం.

నేను పెదవాల్తేరులో ఎస్తేరుకిస్తాను.
ఎస్తేరు బెహరా మాస్టారికి,
మాస్టారు జాలారిపేట సన్యాసమ్మకి.
ఆవిడ అప్పటికే చేపల రేవులో ఉంటుంది.
గంపల గోలలో వినపడదు గానీ
బొడ్లో దోపుకున్న ఫోను వణికితే తెలుస్తుందట.
ఆవిడ మళ్లీ ఖాదర్‌కి.
ఆరున్నరకల్లా చుట్టు పూర్తి.
ఇంత విశాఖపట్నంలో
ఐదు తలుపుల వెనక ఐదుగురం లేచామని
ఆ ఐదుగురికే తెలుస్తుంది.

ముప్ఫైనాలుగేళ్లు టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో
చెవులకి హెడ్‌ఫోను, చేతిలో తీగ.
కలకత్తా ట్రంకు కాల్ కోసం
పోర్టు గుమాస్తాలు బతిమాలేవారు.
పెళ్లి కుదిరిందన్న కబురూ, పోయారన్న కబురూ
నా వేళ్ల మధ్య నుంచే వెళ్లాయి.
వినకూడదు. అదీ నియమమే.
కొన్నిసార్లు విన్నాను, ఏం చెప్పను.

వన్‌టౌన్‌లో నాది రెండో అంతస్తు. ముప్ఫైఎనిమిది మెట్లు.
పద్దెనిమిదో మెట్టు మలుపులో పీట వేసుకున్నాను,
ఉల్లిపాయల సంచీ ఒళ్లో పెట్టుకుని
కాసేపు దొరసానిలా కూర్చోడానికి.
పోర్టు బొగ్గుదుమ్ము కిటికీ చువ్వల మీద వాలుతుంది,
నేను తుడుస్తాను.
ఇంతవరకూ అదే గెలుస్తోంది.
రేపు మళ్లీ ఆట.

మేనకోడలు మర్రిపాలెం వచ్చెయ్యమంటుంది.
మంచి పిల్ల. గది ఉంది, ఫ్యానుంది.
"అత్తా, నీకే పనీ ఉండదు" అంది.
ఆ ఒక్క మాటకి గుండె జారి
రానన్నాను.

ఇంకో తాళంచెవి కింద ఇస్త్రీ బండి ఎర్నాయుడి దగ్గరుంది.
"నన్ను కాయమని కాదురా,
ఏదైనా అయితే తలుపు బద్దలుకొట్టకుండా.
టేకు తలుపు. నా పీఎఫ్ డబ్బు."
వాడు నవ్వలేదు.
చెవిని మొలతాడుకి కట్టుకున్నాడు.

శ్రావణంలో ఒకనాడు ఆరూ పది దాటింది, ఆరూ ఇరవై దాటింది.
ఫోను కొబ్బరిచిప్పలా పడుంది.
బయట ముసురు.
మెట్లెలా దిగానో, పీట దగ్గర ఆగనేలేదు.
ఆటోలో కంచరపాలెం చేరేసరికి
లాంచీ సరంగుగా చేసిన మనిషి, ఎనభై ఒకటి నిండినవాడు,
డాబా మీద నోట్లో తాడు కరుచుకుని
టార్పాలిన్ బిగిస్తున్నాడు.
ఫోను బియ్యం డబ్బాలో ఆరుతోంది.
తిట్టాను. బోర్డు ముందు ఏనాడూ అనని మాటలన్నీ తిట్టాను.
అంతా విని, "సిగ్నల్ అందింది" అన్నాడు.
టీ పెట్టాడు. పంచదార ఎక్కువ.

మాఘంలో మాస్టారి రింగు ఆగింది.
ఈసారి బియ్యం డబ్బా లేదు.
ఆదివారం పిల్లలకి చెప్పే లెక్కల కాగితాలు,
ఎర్ర పెన్ను మూత తీసి ఉంది,
ఏడో లెక్క పక్కన టిక్కు సగమే పడింది.
మూత పెట్టి వచ్చాను.

ఆ సాయంత్రం సన్యాసమ్మ
ఎండుచేపల పొట్లంతో మెట్లన్నీ ఎక్కొచ్చి
"ఇయాల నాకు రింగు సాల్దమ్మా, మనిసిని సూడాల" అంది.
చూసింది. చాలాసేపు చూసింది.
పీట తనూ వాడుకుందట, బాగుందంది.

తీగ తెగిన చోట ఏం చెయ్యాలో నాకు తెలుసు,
నేర్చిన విద్య అదొక్కటే.
ఎస్తేరుకి చెప్పాను, ఇకనుంచి నేరుగా సన్యాసమ్మకని.
నంబరు పలికాను, అంకె అంకె విడదీసి,
ఆ పాత గొంతుతోనే.
అటుపక్క కాసేపు ఊపిరి మాత్రం వినపడింది.
తరవాత, "రాసుకున్నాను."

ఇవాళ ఆరూ తొమ్మిది.
హార్బర్‌లో ఏదో ఓడ కూత.
పాలు పొంగుకొస్తున్నాయి, చేతికి తీరిక లేదు.
మోగనీ,
ఎలాగూ ఎత్తను కదా.