కోటు మీద జెండాలు

బతూమీలో మా హోటల్ వాళ్ళిచ్చిన నీలం కోటు మీద
ఎడమవైపు, లమారా అన్న పేరు కింద,
వేలిగోరంత జెండాలు నాలుగు.
నేను నోరు విప్పకముందే
ఇది వచ్చు, ఇదీ వచ్చు అని
నా కోటు చెప్పేస్తుంది.

జార్జియన్ సరే, పుట్టినింటి మాట.
రష్యన్ పంతులమ్మ కొట్టి నేర్పింది,
ఆ భాషలో అంకెలు చెప్పాలంటే
ఇప్పటికీ అరచేతులు వెనక్కి దాచుకుంటాను.
తుర్కీ మాత్రం టీవీ సీరియళ్ళ పుణ్యం.
అందుకే విడాకుల గురించి గడగడా మాట్లాడతాను,
నీళ్ళ గొట్టం పగిలిందంటే తడుముకుంటాను.

నాలుగోది జర్మన్. అది నాది కాదు.
ఇర్మా హాంబుర్గ్ వెళ్ళిపోతూ
సొరుగులో వదిలేసిన పిన్ను.
"పెట్టుకో, కోటు నిండుగా ఉంటుంది"
అన్నాడు మేనేజర్ టోర్నికే.
నలభై వాక్యాలు బట్టీపట్టాను.
ఫలహారం ఏడు నుంచి పదింటి దాకా.
సముద్రం అటువైపు.
క్షమించండి, లిఫ్టు బాగుచేస్తున్నారు.
నలభై ఒకటోది అవసరమైతే నవ్వుతాను.

కిందటేడు ఒక జర్మనామె
గది తాళం బల్ల మీద పెట్టి
మెల్లగా ఏదో చెప్పింది.
"చాలా సంతోషం, మళ్ళీ రండి" అన్నాను.
ఆమె చెప్పింది భర్త పోయాడనట.
ఆ రాత్రి పిన్ను తీసేశాను.
పొద్దున మళ్ళీ పెట్టుకున్నాను.
పిన్నుకింత అని జీతంలో కలుస్తుంది మరి.

ఇంకొకటుంది, జెండా లేనిది.
లాజ్. సర్పిలో మా నాయనమ్మ మాట.
ఊరి నడుమ సరిహద్దు,
ఆమె ఇటు, ఆమె చెల్లెలు అటు.
నాకు అందులో వచ్చినవి రెండే,
హేజెల్ కాయలు లెక్కపెట్టడం, తిట్లు.
అర్, జుర్, సుమ్ అంటూ గంపలోకి కాయలు,
మధ్యలో ఒకటి నా నోట్లో పడితే తిట్టు.
ఆమె ముద్దుచేసిందీ తిట్లతోనే.
దరఖాస్తులో భాషల గడి నింపేటప్పుడు
కలం ఆగింది.
చదవడం రాదు. రాయడం రాదు.
తిట్టడం ధారాళం అని ఎలా రాయను?
వదిలేశాను.

సెప్టెంబరు రాత్రి, కుండపోత.
నాలుగో అంతస్తు నుంచి ఒక ముసలాయన
పైజామాతో, చెప్పుల్లేకుండా దిగివచ్చాడు.
కొడుకు జూదశాలలో ఉన్నాడు, ఫోనెత్తడు.
తలుపు తియ్యమని చేతికర్రతో అద్దాన్ని కొడుతున్నాడు.
తుర్కీలో బతిమాలాను.
రష్యన్‌లో, జార్జియన్‌లో,
సిగ్గు లేకుండా జర్మన్‌లో కూడా.
సముద్రం అటువైపు అన్నాను.

ఆయన నావైపు చూడనైనా లేదు.
"త్ఖిరి, త్ఖిరి" అంటున్నాడు.

కాయలు!
ఆరబోసిన కాయలు వానకు తడిసిపోతున్నాయి
ఎక్కడో, ఎన్నేళ్ళ కిందటిదో ఆ వాకిట్లో.

అప్పుడు నా నోట్లోంచి
నేను కాదు, నాయనమ్మ లేచింది.
ఒళ్ళు తెలుస్తోందా నీకు,
వానలో ఉత్తకాళ్ళతో ఊరేగుతావా,
కాయలు ఎప్పుడో ఎత్తేశాం,
దోఖెది! కూర్చో!

లాబీ అంతా తలతిప్పి చూసింది.
టోర్నికే చేతులు జోడించి "లమారా, అతిథి!" అన్నాడు.
ముసలాయన కర్ర కింద పెట్టి
దెబ్బలు తప్పించుకున్న పిల్లాడిలా
సోఫా అంచున కూర్చున్నాడు.
కాసేపాగి, ఎన్ని బస్తాలన్నట్టు
వేళ్ళు ఆడించాడు.

గదుల తాళాలు ఒక్కొక్కటే ఆయన ఒళ్ళో పెడుతూ
అర్, జుర్, సుమ్ అన్నాను.
పది దాకా వెళ్ళి ఆగిపోయాను,
మా గంపలో ఎప్పుడూ పదికి ఒక కుప్ప.
పదకొండు ఆయన చెప్పాడు.
తప్పు పలికితే కర్రతో నేల మీద ఒక్కటి తట్టాడు.

తెల్లవారగట్ల కొడుకు వచ్చాడు, కళ్ళు ఎర్రగా.
తండ్రి ఒళ్ళో నిద్రపోతున్న తాళాలు చూశాడు,
నా కోటు చూశాడు.
"మా మాట వచ్చా మీకు? ఇక్కడ లేదే."

"అప్పుడే ఏం వచ్చింది," అన్నాను,
"పద్నాలుగు దగ్గర ఆయన నిద్రపోయారు."