పక్క వేలు

బోరబండ సైట్ త్రీ, సర్కారు బడి.
గేటు పక్క పాన్ డబ్బా ఖాజాకు ఫోన్ అప్పజెప్పి,
ఐదు రూపాయలిచ్చి, నంబరేసిన అట్టముక్క తీసుకొని
లైన్ల నిలవడ్డ.

ఏడున్నరకే ఎండ మెడ మీద కూసున్నది.
నా ముందు హమీదా బీ,
స్లిప్పును తాయెత్తు లెక్క మడిచి పిడికిట్ల పట్టుకున్నది.
ఆమె ముందు ఇద్దరు పోరగాండ్లు, మొదటి ఓటట,
వేలెట్ల పెట్టి ఫొటో దిగాల్నో ఇప్పటిసందే అలవాటు చేసుకుంటున్నరు.
వెనుక సత్తెమ్మ:
"ట్యాంకర్ తొమ్మిదింటికొస్తది.
ఆడ లైన్ల బిందెలున్నయి, ఈడ లైన్ల నేనున్న,
ఎవ్వరి వంతు ముందొస్తదో."
అందరం నవ్వినం.
నవ్వు అయిపోయినంక గూడ లైను కదల్లే.

గోడ మీద పదమూడో ఎక్కం రాసున్నది.
పదమూడు మూళ్ల ముప్పై తొమ్మిది కాడ అర్ధగంట నిలవడ్డ.
పదమూడు ఎనిమిదుల కాడ నీడొచ్చింది.

లోపల మూడో తరగతి గది,
బల్లలన్ని ఒక మూలకు దొబ్బిండ్రు.
మొదటి టేబుల్ సారు గట్టిగ సదివిండు:
"నాలుగు వందల పదిహేడు. ఎల్లేశం. తండ్రి పోచయ్య."
మా నాయిన పేరు
నలుగురిల ఇంత గట్టిగ ఇని ఎన్నేండ్లాయె.
ముగ్గురు ఏజెంట్లు, మూడు కాయితాల మీద,
స్కేలు పెట్టి గీత కొట్టిండ్రు.
కొట్టింది నన్నా, నాయిననా
ఒక్క గడియ సమజ్ కాలే.

రెండో టేబుల్ మేడం శానా చిన్నది, కొత్త టీచరేమో.
పుల్లను సిరాల ముంచి, తలెత్తకుండనే
"ఎడమ చెయ్యి, చూపుడు వేలు" అన్నది.
చెయ్యి పెట్టిన.
పుల్ల గాలిలనే ఆగింది.
టేబుల్ మీద పరిచిన పేపర్ల ఒక చుక్క రాలింది.

ఆ వేలు బాలానగర్ల ఉన్నది మేడం, అన్న.
ప్రెస్సు కింద. రెండో షిఫ్టు, రేకు జారింది.
పెడలు తొక్కింది నేనే.
ఓనరు ఆటో కిరాయిచ్చిండు.
నష్టపరిహారం ఆఫీసుకు ఆరుసార్లు పోయిన,
వేలు పోయినట్టు రుజువేది అన్నరు.
చెయ్యి చూపిన.
చెయ్యి కాదు, కాయితం అన్నరు.

ఇదంత ఆమెకు చెప్పలే.
బాలానగర్ల ఉన్నది అన్నంత వరకే చెప్పిన.

పెద్దసారు పుస్తకం తిప్పుతున్నడు.
గదంత ఆగింది. ఫ్యానొక్కటే తిరుగుతున్నది.
ఇన్నేండ్లకు సర్కారు
నా వేలెక్కడున్నదని ఎతుకుతున్నది.
దొరికింది. వేలు కాదు, వాక్యం:
చూపుడు వేలు లేకుంటే ఎడమ చేతి మరో వేలుకు.
నా అసొంటోడొకడు వస్తడని
ఎవరో, ఎప్పుడో, ఏ ఆఫీసుల్నో కూసొని
ఆలోచించి రాసిండ్రు.
గొంతుల ఏదో అడ్డం పడ్డది.

"నొప్పి ఉంటదా?" అని అడిగింది, పక్క వేలు పట్టుకొని.
సిరాకు నొప్పేంది మేడం.

అట్ట చాటుకు పోయిన.
ఎడమ చెయ్యి దానంతటదే వీపెనుకకు పోయింది,
ఏది నొక్కాలన్న ముందు దాన్ని దాచుకుంట.
కుడి చేత్తో నొక్కిన.
లైటు ఎలిగింది. అద్దంల చీటీ కనబడ్డది,
ఏడు లెక్కపెట్టేలోపు పడిపోయింది.
బీప్‌మన్నది.
చేతులు ముందుకు తెచ్చి చూసుకున్న.
తొమ్మిది. అన్నీ ఉన్నయి.
ఎవ్వరికేసిన్నో అడగొద్దు.

బయట పోరగాండ్లు ఆపిండ్రు,
"కాకా, ఒక ఫొటో, వేలు లేపు."
లేపిన.
పడి పడి నవ్విండ్రు: "గా వేలొక్కటే లేపితే తిట్టినట్టుంటది కాకా!"
సరే అని చెయ్యంత సాపిన.
"ఏయ్, గుర్తు చూపొద్దు!" అని గేటు కాడి పోలీసు ఉరికొచ్చిండు.
ఇగ చెయ్యి జేబుల పెట్టుకొనే దిగిన ఫొటో.

సత్తెమ్మ ఇంక లోపల్నే ఉన్నది.
గల్లీ మలుపు కాడ ట్యాంకర్ హారన్ కొట్టింది.
ఖాజా దగ్గర ఫోన్ గూడ తీసుకోకుండ
ఉరికి ఆమె బిందెలు ముందుకు జరిపిన.
స్టీలు బిందె మూతి మీద
నీలి మరకొకటి అంటింది.
ఇంక ఆరనే లేదు.