గూడు

హజర్ అంటే అరబ్బీలో రాయి.
కొండకు వేరే పేరు వెతకలేదు వాళ్ళు,
రాయినే పేరుగా పెట్టి ఊరుకున్నారు.

అల్ జుఫైర్ మీదుగా గాడిదల బాటలో రెండు గంటలు ఎక్కితే
మూత వేయడం మరిచిన జొన్న పాతరలా
నేల ఒకచోట నోరు తెరిచి ఉంటుంది.
మేకలు దాని వాసనకే పక్కకు తిరుగుతాయి.
లోపల జిన్నులని ఊరి మాట.

మొదట దిగినవాడు ఒక జర్మన్, నేను పుట్టిన ఏడు.
నూట పది మీటర్లకే తాడు అయిపోయిందట.
అంటే అరవై బారలు.
అతని పటంలో గీత అక్కడ తెగి
కింద ఒక ప్రశ్నార్థకం, కొడవలి మాదిరి.

తర్వాత ఇద్దరు ఫ్రెంచివాళ్ళు.
వాన ఎక్కడో కురిసింది, నీళ్ళు ఇక్కడికొచ్చాయి.
రెండు రాత్రులు ఒక రాతి అరుగు మీద కూచుని
ఒకే చాక్లెట్ గోటితో గీసుకు తిన్నారట.
పటంలో దాని పేరు చాక్లెట్ అరుగు.

ముప్పై ఏళ్ళకు మేము.
మేమంటే స్లొవేనియా నుంచి వచ్చిన మొయ్‌త్సా, ఆమె మనుషులు నలుగురు,
దారి చూపే ముసల్లమ్,
తాడు కాడ నేను.
సైటులో పని లేని నెల అది,
కఫీల్ నన్ను జీపుతో పాటు అద్దెకిచ్చాడు.

నిడుజువ్వి గనుల్లో పదేళ్ళు నాపరాయి లేపినవాణ్ణి.
ఉలి పెట్టి తడితే పాత లెక్కల పుస్తకంలా
పొర పొరా విడిపోయేది.
ఇక్కడ సమ్మెట లేదు, మేస్త్రీ తిట్లు లేవు,
ఒక్క నీటిచుక్క ఇంత కొండను తొలుచుకుంటూ పోయింది
కూలి అడగకుండా.

మొయ్‌త్సా టార్చి పైకి తిప్పింది.
కప్పు నిండా గవ్వలు.
‘మనం సముద్రం అడుగున ఉన్నాం, దస్తగిరీ.’
మా రాతిలో ఒక్క గవ్వా చూడలేదే, అన్నా.
ఎక్కడిదా రాయి, అని అడిగింది.
ఊరు చెప్పా, రంగు చెప్పా,
తడితే కంచంలా మోగే తీరు నోటితో చేసి చూపించా.
చాలాసేపు ఆలోచించి నవ్వింది:
‘మీ రాయి గవ్వలు పుట్టకముందుది.’
ఆ పూటంతా వంగి నడిచే చోట కూడా
నా నడుం నిలువుగానే ఉన్నట్టు అనిపించింది.
తల రెండుసార్లు బొప్పి కట్టింది.

ప్రశ్నార్థకం దగ్గర ఒక కంత.
బక్కవాణ్ణి నేనే.
టేపు కొన పళ్ళతో కరిచి, ఊపిరి వదిలేసి, దూరా.

అవతల గది.
రెప్ప వేయని మడుగు.
గోడలో మనిషి చేతి ఎత్తున ఒక గూడు,
గూట్లో దీపపు మసి.
కింద ఖర్జూర నార తాడు ముక్క,
ముట్టుకుంటే విబూదిలా రాలింది.

ఏముంది, ఏముంది, అని ఇవతల అరుపులు.
ఇంగ్లీషు ఒక్క ముక్క నోటికి రాలేదు.
గూడు! అన్నా.
కొండ నాలుగుసార్లు అంది.

బయటికొచ్చాక ముసల్లమ్ ఆ నారను వాసన చూశాడు.
కరువేళ్ళలో అతని ముత్తవ్వ షమ్సా
రాత్రిళ్ళు తోలుతిత్తితో ఎక్కడికో పోయి
తెల్లారేసరికి నీళ్ళతో వచ్చేదట.
ఇంకో దారి ఉండేదేమో, రాళ్ళు పడి పూడిపోయిందేమో.
ఇంటి మగవాళ్ళకూ చెప్పలేదు.
‘జిన్నులున్నాయని మొదట చెప్పింది
మా ముత్తవ్వే,’ అన్నాడు,
అప్పుడే అర్థమైనవాడిలా.

పటం అచ్చయింది.
ఆ గదికి ఇంగ్లీషు అక్షరాల్లో నా మాటే పెట్టారు.
చదివేవాళ్ళు గుడ్ అంటున్నారట,
బాగుందనే అర్థంలో.
షమ్సా పేరు రాయమని ముసల్లమ్ అడిగాడు.
ఆధారం కావాలన్నారు.

మడుగు దాటాక మొయ్‌త్సా మళ్ళీ
ఒక ప్రశ్నార్థకం గీసింది, కొడవలి మాదిరే.
అటు గోడ మీద కూడా మసి ఉందని
నేను చెప్పలేదు.