ఇట్ కొట్టేసి షీ

నలభై రెండు నోటుబుక్కులు.
కరెంటు పోయింది. ఫోన్ లైటు మోకాలి మీద నిలవెట్టుకున్న.
గీసుకొండ బడి, ఎనిమిది బి.
మై మదర్, పది వాక్యాలు.

సగం మంది తల్లులకు ఈజ్ లేదు.
మై మదర్ గుడ్. మై మదర్ టైలర్.
మా అమ్మ మంచిది అంటే సరిపోయే ఊర్ల
నడుమ ఇంకో మాట ఎందుకో
ట్రైనింగ్ల నాకు కూడ ఎవ్వలు చెప్పలే.
అయినా సందు సందుకు ఒక ఈజ్ ఇరికించుకుంట వొయిన,
నర్సంపేట బస్సుల ముసలవ్వను సర్ది కూసోవెట్టినట్టు.

ముప్పై ఏడో బుక్కు ల్యాదెళ్ల ఓదేలుది.
తాత పేరంట. చీమల బారు అక్షరాలు.
మై మదర్ గోయింగ్ ఎనుమాముల మార్కెట్.
ఇట్ ఈజ్ కటింగ్ మిర్చి తొడిమ.
నైట్ ఇట్ ఈజ్ కమింగ్.
మై మదర్ హ్యాండ్స్ ఈజ్ ఫైర్.

ఇట్ కొట్టేసిన, మీద షీ రాసిన.
మళ్ల ఇట్, మళ్ల షీ.
ఆఖరు వాక్యం కాడ పెన్ను ఆగింది.
ఆగి కూడ దిద్దిన: ఆర్ బర్నింగ్.
నేను దిద్దకుంటే పదో తరగతి మార్చిల
వాని మొఖం తెల్వనోళ్లు దిద్దుతరు,
ఆళ్ల పెన్ను ఆగది.

తెల్లారి బల్ల కాడికి అచ్చిండు.
"మేడమ్, షీ ఎవలకు?"
ఆడోళ్లకురా.
"బర్రెకు?"
ఇట్.
"బస్సుకు?"
అది కూడ ఇట్.
"మరి అమ్మ అచ్చింది, బర్రె అచ్చింది, బస్సచ్చింది,
అన్నీ ఒక్కతీర్గనే ఉన్నయి గద మేడమ్.
అందుకే రాసిన."

నవ్వబోయిన. రాలే.
ఇరవై ఒక్క ఏండ్ల సంది షీలు రాసిన చెయ్యి ఇది.
మూడో బెల్లుకు వరండాల హెడ్మాస్టరు గొంతు:
"సార్లందరు అచ్చిండ్రా? ఇంగ్లీషామె అచ్చిందా?"
సార్లు అచ్చిండ్రు.
నేనూ, మబ్బుల నుంచి అప్పుడే దిగిన వానా
ఒక్క క్రియ పట్టుకోని అచ్చినం.

వాన్ని కూసోమన్న. జవాబు చెప్పలే.
బోర్డు మీద షీ ఒకపక్క, ఇట్ ఒకపక్క రాసి
నడుమ గీత గీసిన. సుద్దముక్క ఇరిగింది.

పదిరోజులకు, బడికి ముందు,
పొడికి కాయ కొందామని ఎనుమాములకు వొయిన.
ఘాటుకు కండ్లు తెరవరాలే.
షెడ్డు కింద ఎర్రటి కుప్పల చుట్టు ఆడోళ్లు,
ముక్కులకు కొంగులు.
గేటు కాడ టిఫిన్ డబ్బతోని ఓదేలు.
గుమాస్తా రిజిస్టరు తెరిచి, తలెత్తకుంట,
"మీ అమ్మ అచ్చిందారా?"

"అచ్చిండ్రు."

గుమాస్తా తలెత్తిండు. వాని ఎనక చూసిండు.
పేర్లు రాసే గళ్లు లెక్కవెట్టుకున్నడు.
"ఎంతమందిరా?"

"ఒక్కలే."